రెండు షేర్డ్ లైబ్రరీల్లో ఒకే పేరున్న ఫంక్షన్: పరిష్కారం

మీరు రాసిన లైబ్రరీలోనూ, బయటి నుంచి తెచ్చుకున్న లైబ్రరీలోనూ 'లాగ్_ఇనిట్' అనే ఫంక్షన్ ఉండటం వల్ల, లినక్స్‌లో లింకర్ (కంపైల్ అయిన ముక్కలను ఒక్క ప్రోగ్రాంగా కలిపే సాధనం) ఏ తప్పూ చూపకపోయినా మీ కోడ్ అవతలి ఫంక్షన్‌ను పిలుస్తోందని రాశారు. ఆబ్జెక్ట్ ఫైళ్లలో (ఒక్కో సోర్స్ ఫైలును కంపైల్ చేస్తే వచ్చేవాటిలో) ఒకే పేరు రెండుసార్లు వస్తే లింకర్ అక్కడే ఆపేస్తుంది కానీ, షేర్డ్ లైబ్రరీల (ప్రోగ్రాం నడిచేటప్పుడు విడిగా లోడయ్యేవాటి) మధ్య అలా వస్తే తప్పుగా పరిగణించదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ లైబ్రరీలను దానితో ముడిపెట్టే డైనమిక్ లింకర్ ముందు ప్రోగ్రాంలోనూ, తర్వాత లైబ్రరీలను లింక్ చేసిన వరుసలోనూ వెతికి, మొదట దొరికిన ఫంక్షన్‌నే అందరికీ ఇస్తుంది. కాబట్టి ఆ వరుస మార్చడం పరిష్కారం కాదు. చిక్కు అవతలి లైబ్రరీకి మారుతుంది, అంతే.

ఆ ఫంక్షన్ ఒక్క ఫైలులోనే అవసరమైతే దాని ముందు 'స్టాటిక్' అని రాస్తే చాలు. పలు ఫైళ్లలో కావాలంటే, జీసీసీ కంపైలర్‌లో విజిబిలిటీని (పేర్లు లైబ్రరీ బయటికి కనిపించాలా వద్దా అనే అమరికను) 'హిడెన్'గా పెట్టి లైబ్రరీ మొత్తాన్ని కంపైల్ చేసి, ఇతరులు వాడవలసిన ఫంక్షన్లకు మాత్రమే 'డిఫాల్ట్' అనే గుర్తు ఇవ్వండి. అప్పుడు లోపలి పిలుపులు లోపలే ముడిపడతాయి. సి భాషలో, సి ప్లస్ ప్లస్‌లో ఉన్నట్టు నేమ్‌స్పేస్‌లు లేవు కనుక, బయటపెట్టే ప్రతి పేరుకూ లైబ్రరీ పేరును ముందు చేర్చడం తప్పనిసరి. అందుకు రెండక్షరాల పొట్టిపేరు చాలదని నా అభిప్రాయం, ఎందుకంటే అలాంటివి ఇతరులకూ సులభంగా తడతాయి.

ఆ తర్వాత, లైబ్రరీలోని పేర్లను చూపే 'ఎన్‌ఎం' ఆదేశాన్ని పెద్ద 'డి' ఐచ్ఛికంతో మీ లైబ్రరీపై నడిపి, నిర్వచనాల జాబితాలో 'లాగ్_ఇనిట్' లేదని నిర్ధారించుకోండి. ఇంకా కనిపిస్తే, మీరు కలుపుకున్న ఏదో స్టాటిక్ లైబ్రరీ (లింక్ చేసేటప్పుడే లోపల కలిసిపోయేది) దాన్ని బయటపెడుతూ ఉండవచ్చు. లింకర్‌కు 'ఎక్స్‌క్లూడ్ లిబ్స్' ఐచ్ఛికం ఇస్తే అదీ దాగుతుంది.