మొదటి బాబు పదో రోజున పోయాడు.. ఈసారి పుట్టగానే మడమ రక్త పరీక్ష చేయిస్తే చాలా?

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. మేనమామ కొడుకునే చేసుకున్నాను. మొదటి బాబు నెలలు నిండి, మంచి బరువుతో పుట్టాడు. మూడో రోజు నుంచి పాలు తాగడం మానేశాడు. మగతగా పడి ఉండేవాడు, ఫిట్స్ వచ్చాయి. పదో రోజున పోయాడు. ఇన్ఫెక్షన్ అన్నారు. ఇప్పుడు నాకు ఏడో నెల. మడమ నుంచి రక్తం తీసి యాభైకి పైగా జబ్బులు కనిపెట్టే పరీక్ష ఉందని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చెప్పారు. చేయించాలా? సర్కారు ఆసుపత్రిలో ఎందుకు చేయరు?
- ఓ గృహిణి, విజయనగరం జిల్లా

జవాబు: తప్పకుండా చేయించండమ్మా. కానీ మీ విషయంలో అదొక్కటే సరిపోదు.

కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఒంట్లోని వ్యర్థాలను మాయ ద్వారా తల్లి శరీరమే తీసేస్తుంది. పుట్టాక ఆ పని బిడ్డే చేసుకోవాలి. అవసరమైన ఎంజైమ్ పుట్టుకతోనే లేకపోతే, పాలలోని ప్రొటీన్ సరిగా విచ్ఛిన్నం కాక అమ్మోనియా, యాసిడ్లు పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తాయి. అందుకే రెండు రోజులు బాగున్న బిడ్డ మూడో రోజున డీలా పడతాడు. అచ్చం ఇన్ఫెక్షన్‌లాగే ఉంటుంది. మీ బాబుకు అదే జరిగిందని నేను చెప్పలేను, ఇన్ఫెక్షన్లే ఎక్కువ కూడా. కానీ మేనరికం, మూడో రోజున మొదలవడం, ఫిట్స్.. ఈ మూడూ కలిస్తే అనుమానించి తీరాలి. ఒకే జన్యులోపం తల్లిదండ్రులిద్దరిలో ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఈ వారమే బాబు కేసు షీటు, పరీక్షల కాగితాలు పట్టుకుని జెనెటిక్స్ డాక్టర్‌ను కలవండి. ఉమ్మనీటి పరీక్ష మామూలుగా 16 నుంచి 20 వారాల మధ్య చేస్తారు, ఆ సమయం దాటిపోయింది. మీ ఇద్దరికీ జన్యు పరీక్ష మాత్రం ఇప్పుడూ చేయవచ్చు. పుట్టింట్లో కాన్పు అనుకుంటున్నా సరే, పసిపిల్లల ఐసీయూ ఉండి అమ్మోనియా పరీక్ష అక్కడికక్కడే చేసే పెద్దాసుపత్రిలోనే పురుడు పోసుకోండి. మొదటి బాబు సంగతి పిల్లల డాక్టర్‌కు కాన్పుకు ముందే చెప్పండి. మడమ పరీక్ష ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది, కొన్ని జబ్బులు అంతవరకూ ఆగవు. బిడ్డ పాలు మానేసినా, మూత్రం మాడిన పంచదార వాసన వచ్చినా రిపోర్టు కోసం చూడకుండా పరుగెత్తండి. పాలు ఆపి గ్లూకోజ్ ఎక్కించాలా అన్నది డాక్టర్ చూస్తారు, ఇంట్లో మీరే ఆపేయొద్దు.

ఇక సర్కారు మాట. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పరీక్షల కేంద్ర పథకం కింద పుట్టిన బిడ్డను పైకి కనిపించే లోపాల కోసం చూస్తున్నారు. గోవాలో 2008లోనే మడమ రక్త పరీక్ష మొదలుపెట్టారు. మన దగ్గర ప్రతి కాన్పుకూ ఇది రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకడిని. యాభై జబ్బులతోనే మొదలుపెట్టక్కర్లేదు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం మన దేశంలో సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఉంటుంది. రెండు వారాల్లోపు మాత్ర మొదలుపెడితే బిడ్డ తెలివితేటలకు లోటు రాదు. ఆ మాత్ర ఖరీదెంతని! బయోటిన్ అనే విటమిన్‌ను ఒళ్లు సరిగా వాడుకోలేని బయోటినిడేజ్ లోపానికైతే రోజూ ఆ విటమిన్ ఇస్తే చాలు. ఆశా కార్యకర్త ఎలాగూ మూడో రోజున ఇంటికి వస్తుంది. ఏఎన్ఎం కూడా వెంట వెళ్లి రక్తం తీస్తే, శాంపిల్ తీయాల్సిన 48 నుంచి 72 గంటల సమయం సరిగ్గా అందుతుంది. అయితే జబ్బు పట్టుకుని మందు ఇవ్వకపోతే తల్లికి మిగిలేది వేదనే. ప్రొటీన్‌లోని ఒక భాగం ఒంట్లో విచ్ఛిన్నం కాని పీకేయూ లాంటి జబ్బులకు జీవితాంతం ప్రత్యేక ఆహారం కావాలి, అది చాలా ఖరీదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్ నిమ్స్ లాంటి కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల దాకా సాయం అందే వీలుంది. పరీక్షలు పెంచేటప్పుడే మందు, ఆహారం జిల్లాకు చేరే దారి కూడా వేయాలి.

రక్తం తీసేటప్పుడు దగ్గరుండి చూడండి. మడమ పక్క భాగంలో గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, తర్వాతి చుక్క కాగితం మీది గుండ్రం నిండేలా ఇంకనివ్వాలి. కాగితాన్ని ఎండలో కాక నీడలోనే ఆరబెట్టాలి. బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తే శాంపిల్ అంతకు ముందే తీయమనండి. కార్డు మీద మీరు నిజంగా ఎత్తే ఫోన్ నంబరే రాయించండి. కాన్పయ్యాక పుట్టింటికి వెళ్లిపోతారు, ల్యాబ్ వాళ్లేమో అత్తింటి నంబరుకు చేస్తుంటారు. ఫలితం తేడాగా ఉందంటే జబ్బు ఖాయమని కాదు, రెండో శాంపిల్‌తో నిర్ధారించాలి. ఆ రెండో శాంపిల్‌కు మాత్రం ఫోన్ వచ్చిన రోజే వెళ్లండి.