ఫైల్ నుంచి ఫైల్‌కి నేరుగా: నీ మొదటి రివ్యూ

అమ్మాయ్,

లినక్స్ కెర్నల్‌లో కాపీ ఫైల్ రేంజ్ సిస్టమ్ కాల్‌ని మార్చే ప్యాచ్ (కోడ్ సవరణ) నీ రివ్యూకి వచ్చిందట. ఒక ఫైల్లోని బైట్లని ఇంకో ఫైల్లోకి నేరుగా కాపీ చేయమని ప్రోగ్రామ్ కెర్నల్‌ని అడిగే పిలుపే ఆ కాల్. టెన్షన్ పడకు, కోడ్ చిన్నదే. చిక్కంతా ఆ కాల్ తిరిగిచ్చే అంకెలో, అంటే ఎన్ని బైట్లు కాపీ అయ్యాయో చెప్పేదాంట్లో ఉంటుంది.

అడిగినన్ని బైట్లు కాపీ కాకపోయినా తప్పులేదు. పిలిచిన ప్రోగ్రామ్ మిగతావాటి కోసం మళ్లీ పిలుస్తుంది. సున్నా వస్తే మాత్రం ఫైల్ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. అక్కడే గతంలో దెబ్బ తగిలింది. 2019లో, 5.3 కెర్నల్‌లో, వేర్వేరు ఫైల్‌సిస్టమ్‌ల మధ్య కాపీకి దారి తెరిచారు. కెర్నల్ తన వివరాల్ని ఫైళ్లలా చూపించే ప్రాక్‌ఎఫ్‌ఎస్ లాంటి చోట ఫైల్లో సమాచారం చదివేటప్పుడే పుడుతుంది, సైజు అడిగితే సున్నా అంటుంది. కాపీ కోడ్ ఆ సైజును నమ్మి ఒక్క బైటూ కదపకుండా సున్నా ఇచ్చేసింది. ఎర్రర్ లేదు, చూస్తే కొత్త ఫైల్ ఖాళీ! 2022లో 5.19 వచ్చాక ఆ దారిని చాలావరకు మూసేశారు. అందుకే సున్నా తిరిగిచ్చే ప్రతి లైన్ దగ్గరా ఆగి, అది నిజంగా ఫైల్ చివరేనా అని రాసినవాళ్లని అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

ఆఫ్‌సెట్‌కి (కాపీ మొదలయ్యే స్థానానికి) పొడవు కలిపే చోట ఓవర్‌ఫ్లో, అంటే మొత్తం ఆ వేరియబుల్‌లో పట్టనంత పెద్దదవడం, ఉందేమో చూడు. ఒకే ఫైల్లో రెండు రేంజ్‌లు ఒకదాని మీదొకటి పడితే ఒప్పుకోకూడదు. డిస్క్రిప్టర్లు (తెరిచిన ఫైల్‌కి ప్రోగ్రామ్ వాడే నంబర్లు) రెండైనా ఫైల్ ఒకటే కావచ్చు కాబట్టి పోల్చాల్సింది ఇనోడ్‌లని, అంటే అసలు ఫైల్‌ని సూచించే రికార్డుల్ని.

ఇక ప్యాచ్‌లో లేనివి. నేనైతే ఫైల్లో రాసే మామూలు రైట్ (write) కోడ్‌ని పక్కన తెరిచి ఒక్కో పనీ సరిచూసుకుంటాను: సెట్‌యుఐడి బిట్ (ప్రోగ్రామ్‌ని ఫైల్ ఓనర్ హక్కులతో నడిపించే గుర్తు) తీసేశారా, టైమ్‌స్టాంప్ మార్చారా, ఫైల్ సైజు పరిమితిని, ఇమ్యూటబుల్ (ఫైల్‌ని మార్చకూడదనే) గుర్తుని గౌరవించారా. ఈ కాల్ 2016లో 4.5తో వస్తే, ఇలాంటి తనిఖీలు కొన్ని 5.3లో గానీ చేరలేదు. చూసినవాళ్లు తక్కువవాళ్లేం కాదు, డిఫ్‌లో (మారిన లైన్ల జాబితాలో) కనబడని దాని మీద కన్ను పడదు, అంతే. నేనూ అలా ఓకే చెప్పి తర్వాత నాలుక కరుచుకున్నవాణ్ణే.

ఒప్పుకునే ముందు ఫైల్‌సిస్టమ్ పరీక్షల కట్ట ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్‌లోని ఎఫ్‌ఎస్‌ఎక్స్‌ని, ఫైల్ మీద యాదృచ్ఛికంగా పనులు చేసి తప్పులు పట్టే ప్రోగ్రామ్‌ని, రాత్రంతా నడిపించు. రీఫ్లింక్ (రెండు ఫైళ్లు ఒకే డేటా బ్లాకుల్ని పంచుకునే సౌకర్యం) ఉన్న ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ మీద ఒకసారి, లేనిదాని మీద ఒకసారి. లోపల కోడ్ వెళ్లే దారులు వేరు. ఎక్కడైనా విరిగితే ముందు ఆ యాదృచ్ఛిక వరుసకి మూలమైన సీడ్ అంకె రాసిపెట్టుకో, లేకపోతే అదే తప్పుని మళ్లీ పట్టుకోవడం చాలా కష్టం.