సముద్రానికి భయపడని మనిషి ఇరవై రూపాయల కాగితానికి ఎందుకు భయపడతాడు: ఉద్దానం నుంచి నా జవాబు

ఒక విషయంలో తెగించేసే మనిషి ఇంకో విషయంలో అడుగు కూడా ఎందుకు వెయ్యడు, రిస్క్‌ని మనుషులు అసలు ఎలా తూచుకుంటారు, సొంత అనుభవంతో చెప్పండి అని కదా అడిగారు. నాది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు, తోటలెక్కువ ఉన్న ఈ తీర ప్రాంతాన్నే ఉద్దానం అంటారు. ఊళ్ళో బ్యాంక్ మిత్రగా చేస్తున్నాను, అంటే వేలిముద్ర మిషన్ పెట్టుకుని డబ్బులు వెయ్యడం, తియ్యడం, ఫారాలు నింపడం. ఉపాధి హామీ కూలీ, గుజరాత్ నుంచి మగాళ్ళు పంపిన డబ్బులు, డ్వాక్రా వాయిదాలు అన్నీ నా బల్ల మీదే నడుస్తాయి కాబట్టి ఎవరు దేనికి భయపడుతున్నారో దేనికి పడట్లేదో రోజూ చూస్తూనే ఉంటాను.

నేను అనుకునేది ముందే చెప్పేస్తాను. ధైర్యవంతులు, పిరికివాళ్ళు అని మనుషులు రెండు రకాలుండరు. నూటికి ఎన్ని పాళ్ళు ప్రమాదం ఉంది అని లెక్కేసేవాళ్ళని కూడా నేనింతవరకు చూడలేదు. మావాళ్ళు చూసేది ఒకటే, దెబ్బ తగిలితే నన్ను పట్టుకునేదెవరు అని. ఆ మనిషి కళ్ళకి కనిపిస్తే ఎంత పెద్ద దానికైనా వెళ్ళిపోతారు, కనిపించకపోతే ఇరవై రూపాయల దగ్గర ఆగిపోతారు.

ఇరవై రూపాయలు అని ఊరికే అనట్లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమా అని ఒకటుంది, 2015లో పెట్టారు, మొదట్లో ఏడాదికి 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20. ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ళకి 2 లక్షలు వస్తాయి. మా మావయ్య వేటకి వెళ్తాడు, ఫైబర్ బోటు మీద, తెల్లారకముందే. అలల్లో బోటు తోసుకుంటూ వెళ్ళే ఆ కాస్త దూరం చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయి, ఆయనకి ఏమీ ఉండదు. అదే మనిషి నా ఫారం మీద సంతకం పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. "నా సావుకి నన్నే సంతకం ఎట్టమంటావేటమ్మా" అన్నాడు ముందు. అది పెద్దవాళ్ళ మాటే అనుకుని ఇంకోసారి కూర్చోబెట్టి అడిగితే అప్పుడు అసలు మాట బయటికొచ్చింది, "బోట్లో నలుగురం ఉంటాం, ఒకడు పడిపోతే మిగిలినోళ్ళు దూకుతారు, నీ కాయితం ఎనకాల ఎవడు దూకుతాడు సెప్పు".

ఈ మాటని చదువురాని మాట అని తీసిపారెయ్యడానికి లేదు. ఎందుకంటే క్లెయిమ్ రావాలంటే పోలీస్ కేసు, పంచనామా, పోస్ట్‌మార్టం కాగితాలు అన్నీ కావాలి, సముద్రంలో పోయిన మనిషి శవం దొరక్కపోతే ఆ కాగితాలు పుట్టించడం ఎంత కష్టమో ఒడ్డున ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. కాబట్టి ఆయన బీమాని తూచిన తూకం తప్పు కాదు, తన దగ్గరున్న సమాచారంతో సరిగ్గానే తూచాడు. తర్వాత ఊళ్ళో ఒకతను బండి మీంచి పడి చనిపోతే వాళ్ళావిడకి ఆ డబ్బు వచ్చింది, కాగితాల కోసం నేనే ఆవిడతో స్టేషన్‌కీ బ్రాంచికీ తిరిగాను. ఆ వారంలోనే మావయ్య తనంతట తనే వచ్చి "రాయీ" అన్నాడు. నేను అంతకుముందు చెప్పిన రూల్సే, ఒక్కటీ మారలేదు, మారింది ఏంటంటే కాగితం వెనకాల ఒక మనిషి కనిపించింది, అంతే.

గుజరాత్‌లో ఉన్న వెరావల్ రేవుకి వెళ్ళేవాళ్ళ సంగతి కూడా ఇలాంటిదే. మన జిల్లాకి 190 కిలోమీటర్ల పైన తీరం ఉంది గానీ పెద్ద బోట్లు నిలబెట్టుకునే హార్బర్ లేక ఎన్నో ఏళ్ళుగా మత్స్యకారులు గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్లలో జీతానికి చేస్తారు. 2018 నవంబర్‌లో అలా వెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళని బోర్డర్ దాటారని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయారు, ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం వాళ్ళూ అందులో ఉన్నారు, ఏడాది దాటి కరాచీ జైల్లో ఉంచి 2020 జనవరిలో వాఘా దగ్గర అప్పగించారు. టీవీలో చూసిన మా చుట్టాలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ఇంత జరిగాక కూడా జనం మళ్ళీ ఎలా వెళ్తున్నారు, పిచ్చా అని అడిగారు. పిచ్చి కాదండి. సీజన్‌కి ముందే ఓనరు అడ్వాన్సు ఇస్తాడు, ఆ అడ్వాన్సుతో ఇక్కడ అప్పు తీరుతుంది, పిల్ల ఫీజు కడతారు. జైలు అనేది ఎప్పుడో ఎవరికో జరిగేది, అప్పులోడు మాత్రం సోమవారం ఉదయం గుమ్మంలో ఉంటాడు. బయటి నుంచి చూసేవాళ్ళు వెళ్ళడంలో ఉన్న ప్రమాదం ఒక్కటే చూస్తారు, వెళ్ళకుండా ఇంట్లో కూర్చుంటే వచ్చే ప్రమాదాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు, నాకు చాలా కోపం వచ్చేది ఇక్కడే.

ఇక తోటలు. ఉద్దానం తోట చూసినవాళ్ళకి తెలుస్తుంది, పైన కొబ్బరి, మధ్యలో పనస, మామిడి, పక్కన జీడి. మా నాన్న వాళ్ళ తాతల నాటి పద్ధతి. కొబ్బరికి రేటు లేని ఏడాది జీడి ఆదుకుంటుంది, జీడి పూత మాడిపోయిన ఏడాది పనసకాయలు ఒరిస్సా వైపు లారీ ఎక్కుతాయి. డబ్బంతా ఒకే చోట పెట్టొద్దు అని ఇప్పుడు యూట్యూబ్‌లో చెప్పేది మావాళ్ళు ఎప్పుడో నేల మీద చేసి చూపించారు. కానీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది, వజ్రపుకొత్తూరు, పలాస వైపు తీరం దాటింది, గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. తెల్లారేసరికి కొబ్బరి, జీడి, పనస అన్నీ కలిసే పడున్నాయి, చెట్టు మీద చెట్టు, తోటలోకి దారి కూడా లేదు. రేటు పడిపోవడం వేరు, పూత మాడడం వేరు, వాటికి నాలుగు రకాల చెట్లు అడ్డం పడతాయి. కానీ అన్నింటినీ ఒకేసారి కొట్టే దెబ్బకి నాలుగు రకాలున్నా ఒకటున్నా ఒకటే. ఇది నాకు ఆ రోజే బుర్రకెక్కింది.

మరి ఆ ఏడాది మమ్మల్ని నిలబెట్టింది ఏంటంటే తోటలో లేనిది, ఆర్మీలో ఉన్న మా తమ్ముడి జీతం. మా వైపు చాలా ఇళ్ళలో ఒక కొడుకు ఊళ్ళో, ఒక కొడుకు బయట ఉంటారు, ఆర్మీ, హైదరాబాద్ బిల్డింగ్ పనులు, గల్ఫ్, ఏదో ఒకటి. దీన్ని జనం వలస, వెనకబాటు అని రాస్తారు, అది నిజమే, ఇక్కడ పని ఉంటే ఇంతమంది వెళ్ళరు. కానీ ఆ గాలి కొట్టని చోట ఇంటి మనిషి ఒకడు ఉండడం అనేది మావాళ్ళు కట్టుకున్న అసలైన బీమా. ఇంకో మాట, తుఫాను అయ్యాక నాన్న మళ్ళీ కొబ్బరే వేశాడు, అరవై దాటాక. మన నాటు కొబ్బరి కాపుకొచ్చేసరికి ఆరేడేళ్ళు పడుతుంది. పక్క తోటాయన జీడి ఒక్కటే వేశాడు, అది మూడు నాలుగేళ్ళకే పిక్క చూపిస్తుంది. ఇద్దరిలో ఎవరిది తెలివి అని నన్నడిగితే చెప్పలేను, పక్కాయనకి నెలనెలా డబ్బు పంపే కొడుకు లేడు, మాకు ఉన్నాడు. ఆగగలిగే స్తోమత ఉన్నోడి లెక్కా లేనోడి లెక్కా ఒకటి అవ్వదు. జీడిపిక్కల దగ్గర కూడా అంతే, 80 కిలోల బస్తా రేటు పెరిగేదాకా దాచుకోవాలని అందరికీ ఉంటుంది, దాచుకునేది ఎవరంటే ఆ నెల చేబదులు తీర్చక్కర్లేనివాళ్ళు.

తుఫాను హెచ్చరికల గురించి ఒక్క మాట. 2021 డిసెంబర్‌లో జవాద్ అన్నారు, జనాన్ని షెల్టర్లకి తీసుకెళ్ళారు, తీరా అది సముద్రంలోనే బలహీనపడిపోయింది. "ఊరికే తిప్పీసినారు" అని ఎంత గొణిగారో. దయచేసి అలా అనుకోకండి. కళింగపట్నంలో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే బయల్దేరిపోండి, రాకపోతే ఒక రాత్రి నిద్ర పోతుంది అంతే, వస్తే ఏమవుతుందో మేము చూశాం.

ఇంతవరకు పట్టుకునే మనిషి కనిపిస్తే చాలు అన్నట్టు చెప్పాను గానీ ఇందులో పెద్ద లొసుగు ఉంది, అది డబ్బు దగ్గర బయటపడుతుంది. మా పక్క ఊళ్ళో ఒకాయన చీటీలు వేసేవాడు, వడ్డీకి డబ్బు కూడా తీసుకునేవాడు. పెళ్ళిళ్ళకి ముందుండేవాడు, ఆసుపత్రికి కారిచ్చేవాడు. బ్యాంకులో వెయ్యమంటే "ఆ బ్యాంకోళ్ళు ఎవరో ఏటో, ఈడు మనోడు" అని జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే ఆడవాళ్ళు, ఆ జీడి సొనకి వేళ్ళు బొబ్బలెక్కించుకుని దాచుకున్న డబ్బు తెచ్చి అతని చేతిలో పోశారు. ఒక రాత్రి ఇల్లు తాళం. మనిషి కనిపించడం వేరు, పట్టుకునే శక్తి ఉండడం వేరు, ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే అంత నష్టం. నేను కనిపెట్టింది ఏంటంటే తెలిసిన మనిషిని అనుమానించడానికి మనకి సిగ్గు, తెలియని ఆఫీసుని అనుమానించడానికి సిగ్గు ఉండదు. ఆ ఎవరో ఏటో అన్న బ్యాంకులో డిపాజిట్‌కి 5 లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంది, 2020 ఫిబ్రవరి ముందు లక్షే ఉండేది, బ్యాంకు మూతపడినా ఆ మేరకు వెనక్కొస్తుంది. ఈ ముక్క నేను ఇప్పుడు వచ్చిన ప్రతి మనిషికీ చెప్తున్నాను. డ్వాక్రా అప్పులో కూడా తెలిసినవాళ్ళే పూచీ, కానీ అక్కడ పదిమంది ఉంటారు, పుస్తకం ఉంటుంది, ప్రతి వాయిదా అందరి ముందూ పడుతుంది, తేడా అదే.

బైకుల సంగతి ఎక్కువ రాయను, నేషనల్ హైవే మీద హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని పోలీసుల్ని చూసి తలకి పెట్టుకునే కుర్రాళ్ళని రోజూ చూస్తాం. అక్కడ వాళ్ళ లెక్కలో ఉన్నది ఫైను, తల కాదు.

నాకు అన్నింటికంటే కష్టంగా అనిపించేది కిడ్నీ జబ్బు. ఉద్దానం పేరు చెప్తే బయటివాళ్ళకి గుర్తొచ్చేది అదే. ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది వచ్చి నీళ్ళు, నేల, రక్తం పరీక్షలు చేశారు, ఇదే కారణం అని ఇప్పటికీ తేలలేదు. ఇది గాలిలాగా ఒక రాత్రి వచ్చి కొట్టే దెబ్బ కాదు, చప్పుడు లేకుండా ఏళ్ళ తరబడి నడుస్తుంది, చాలామందికి బాగా ముదిరేదాకా ఏ బాధా తెలీదు. మా పెద్దమ్మని రక్త పరీక్షకి రమ్మంటే రాదు. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో రక్తంలో చూసే లెక్క) ఎక్కువ అని తేలితే పిల్ల సంబంధాలకి అడ్డం, ఇంట్లో అందరి ముఖాలూ మారిపోతాయి, తెలుసుకుని చేసేదేముంది అని. ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ, అంటే వారానికి రెండు మూడుసార్లు బస్సో రైలో ఎక్కి పగలంతా పోగొట్టుకోవడం, తోడు వచ్చినవాళ్ళ కూలి కూడా పోవడం. అలాంటప్పుడు తెలుసుకోకూడదు అనుకోవడం నాకు అర్థమవుతుంది. తర్వాత సోంపేట, పలాస, కవిటిలో డయాలసిస్ పెట్టారు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో మొదలైంది, హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీళ్ళు తెచ్చారు. మా వీధిలో నేను చూసింది చెప్తున్నాను, ఆసుపత్రి దగ్గరికి వచ్చాకే మనుషులు పరీక్షకి ఒప్పుకోవడం పెరిగింది. అంతకుముందు ఎంతమంది ఎంత అవగాహన చెప్పినా కదల్లేదు. భయం పోగొట్టింది ఉపన్యాసం కాదు, జబ్బు తేలితే వెళ్ళడానికి ఒక చోటు ఉంది అన్న ఆధారం.

పెద్దమ్మ చివరికి వచ్చింది. అదృష్టం, ఇప్పటికి బాగానే ఉంది, డాక్టరు గారు మాత్రం ఒళ్ళు నొప్పులకి షాపులో కొనుక్కుని మింగే నొప్పి బిళ్ళలు ఆపమన్నారు, అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. పొద్దంతా వంగి పనిచేసే మనిషికి రాత్రి నొప్పి ఇప్పుడే ఉంది, కిడ్నీ ఎప్పుడో. ఆపించడానికి ఇంట్లో అందరం కలిసి పోరాడాల్సి వస్తోంది. ఆవిడ చేసే బరువు పని మా వదిన కొంత తీసుకుంది, అప్పుడే బిళ్ళలు తగ్గాయి. ఇలాంటి పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ముందు పని తగ్గించండి, బిళ్ళల మీద కేకలు తర్వాత వేద్దురు.

ఇక మీరు ఎలా తూచుకోవాలి అని కూడా అడిగారు కాబట్టి, నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళని నేను అడిగేది చెప్తాను. ఇది చెడిపోతే నిన్ను పట్టుకునేవాళ్ళ పేరు చెప్పు అంటాను. పేరు చెప్తే, నీకు తగిలిన దెబ్బ అదే రోజు వాళ్ళకి కూడా తగులుతుందా అంటాను. అన్నదమ్ములిద్దరూ ఒకే బోటు మీద, ఒకే తోట మీద, ఒకే చీటీలో ఉంటే ఇద్దరున్నా ఒక్కడి కిందే లెక్క. ఈ రెండోదానికి చాలామంది కాసేపు ఆలోచిస్తారు, కొంతమంది ఆ రోజుకి ఫారం పక్కన పెట్టి ఇంటికెళ్ళి మాట్లాడుకుని వస్తారు.

బీమా గురించి అడిగేవాళ్ళకి, సురక్షా బీమా 20 రూపాయలు, ఎలా చనిపోయినా వచ్చే జీవన్ జ్యోతి బీమా 436, రెండూ కలిపి 456 రూపాయలు మే నెల చివర్లో ఖాతాలోంచి కట్ అవుతాయి, జూన్ 1 నుంచి మళ్ళీ ఏడాది. మొదటిది 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకి, రెండోదానిలో చేరాలంటే 50 లోపు ఉండాలి, కొత్తగా చేరితే మొదటి 30 రోజుల్లో ప్రమాదం తప్ప వేరే మరణానికి డబ్బు రాదు. ఖాతాలో బ్యాలెన్స్ లేక ఆగిపోయినవే నేను ఎక్కువ చూస్తున్నాను. మేలో వేట నిషేధం ఉంటుంది, ఇళ్ళలో డబ్బుండదు, సరిగ్గా అప్పుడే కట్ అవుతుంది, అందుకని మత్స్యకారుల ఇళ్ళవాళ్ళు ఏప్రిల్ 15న బోట్లు ఒడ్డెక్కక ముందే ఆ 456 ఖాతాలో వేసి ముట్టుకోకుండా ఉంచండి. నామినీ పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయించండి.