చిన్న ఊళ్లో పక్కింటివాళ్లు

ప్రశ్న: అక్కా, మా ఆయనకు మిన్నెసోటాలో ఓ చిన్న ఊళ్లో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల డాలస్ నుంచి మారుతున్నాం. అక్కడ మనవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేరు. చుట్టుపక్కల వాళ్లతో ఎలా మెలగాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లెమ్మా, నేనుండే మార్షల్ కూడా ఆ రాష్ట్రంలోదే, నైరుతి మూల. జనాభా 13 వేల పైచిలుకు. మినియాపోలిస్ పక్కనున్న మేపుల్ గ్రోవ్‌లో గుడికి వెళ్లాలంటే కారులో రెండున్నర గంటలకు పైనే పడుతుంది. డాలస్‌లో పక్కింటాయన పేరు తెలియకపోయినా రోజులు గడిచిపోతాయి. ఇక్కడ జనవరిలో మైనస్ 20 ఫారెన్‌హీట్ చలికి కారు స్టార్ట్ కాకపోతే ముందు వచ్చేది ఆయనే. కాబట్టి సామాన్లు సర్దుకోవడం అయ్యేదాకా ఆగకు. మొదటి వారంలోనే రెండు పక్కలా, ఎదురింటికీ వెళ్లి మీ పేర్లు చెప్పుకోండి. గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు చాలు. లోపలికి రమ్మనలేదని చిన్నబుచ్చుకోకు, ఇక్కడ అది మామూలే.

మంచు సంగతి ముందే తెలుసుకోండి. ఇంటి ముందు సైడ్‌వాక్ మీద మంచు తీయాల్సింది మనమే. ఎన్ని గంటల్లో తీయాలన్నది ఊరిని బట్టి ఉంటుంది, సిటీ ఆఫీసులో అడగండి. తీసింది రోడ్డు మీదకు తోయకూడదు, అది రాష్ట్ర చట్టం. మొదటి ఏడాది మా ఆయన సరిగ్గా మా హద్దు దాకా తీసి లోపలికి వచ్చేసేవారు. పక్కింటి పెద్దాయన మాత్రం స్నో బ్లోవర్ పట్టుకుని మా వాకిలి దాటి ఆ పై ఇంటి దాకా వెళ్లేవారు. హద్దు దగ్గర ఆగితే ఎవరూ తప్పుపట్టరు. కానీ రోడ్డు మీది మంచు తోసే ప్లౌ ట్రక్కు వెళ్లాక డ్రైవ్‌వే మొదట్లో మంచు గట్టులా పేరుకుంటుంది. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంటి ముందు ఆ గట్టు తీసిపెడితే ఆవిడ ఎప్పటికీ మరిచిపోదు.

వీళ్ల మొగమాటం అచ్చం మనదే. కాఫీ తాగుతారా అంటే వద్దంటారు, మళ్లీ అడిగితే మీకెందుకు శ్రమ అంటారు, మూడోసారి తాగుతారు. కాబట్టి మొదటి 'వద్దు' దగ్గరే ఆగిపోకు. వాళ్లు నీకు సాయం చేస్తామన్నప్పుడు మాత్రం వద్దనకు. ఎవరికీ రుణపడకూడదనే పట్టుదల మనకెక్కువ. నాకు ఆ పట్టుదల పోయింది ఒక ఇండియా ప్రయాణంలో.

ఆ జనవరిలో మూడు వారాలకు విజయవాడ వెళ్లాం. మొక్కలకు నీళ్లు పోస్తానని పెద్దాయన తానే అడిగితే, మొగమాటపడుతూనే తాళం ఇచ్చాను. ఒకరోజు రాత్రి ఏడున్నరకు ఆయన ఫోన్ చేశారు, అక్కడ పొద్దున ఎనిమిది. మా ఇంటి పక్కగోడ గొట్టంలోంచి రోజూ వచ్చే తెల్లటి ఆవిరి ఆ రోజు రావడం లేదట. అనుమానం వచ్చి లోపలికెళ్లి చూస్తే ఇల్లు వేడిచేసే ఫర్నెస్ ఆగిపోయి ఉంది. ఇంట్లో 41 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 5 డిగ్రీల సెల్సియస్. నాకు ఫోన్ చేసేలోపే మెయిన్ వాల్వ్ కట్టేసి, పైపుల్లో ఉన్న నీళ్లు బయటికి వదిలేసి, రిపేరు మనిషిని పిలిచేశారు. ఇంకో రాత్రి గడిచి ఉంటే పైపులు గడ్డకట్టి పగిలి, బేస్‌మెంటంతా నీళ్లే. ఆయన వెళ్లింది మొక్కల కోసం కాదు, ఆ ఆవిరి కోసం. మా ఇంటి గోడను అంత శ్రద్ధగా చూస్తున్న మనిషి పక్కనే ఉన్నారని అప్పటిదాకా నాకు తెలియదు.

తిరిగొచ్చాక జీడిపప్పు వేసి రవ్వలడ్డు చేసి తీసుకెళ్లాను. మనవరాలికి ఇచ్చే ముందు పెద్దాయన భార్య నట్స్ ఉన్నాయా అని అడిగింది. ఆ పిల్లకు ఎలర్జీ! గుండె ఆగినంత పనైంది. అప్పటినుంచి డబ్బా మూత మీద పాలు, నెయ్యి, గోధుమ, జీడిపప్పు అని అన్నీ రాసి అంటిస్తాను. ఆగస్టు మొదటి మంగళవారం నేషనల్ నైట్ అవుట్ అని చాలా వీధుల్లో అందరూ తలో వంటా తెచ్చుకుని ఆరుబయట కూర్చుంటారు, అక్కడా అంతే. తప్పకుండా వెళ్లండి. కారం తగ్గించి పులిహోర చెయ్యి. వాళ్లెవరైనా ఏదైనా వండి తెచ్చిస్తే గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని నీకు చెప్పక్కర్లేదు.

ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు టోర్నడో సైరన్ మోగుతుంది. అది పరీక్షకే, కంగారుపడకు.

ఇండియా వెళ్లేటప్పుడు ఉత్తరాలు పోస్టాఫీసు 30 రోజులకు మించి ఆపి ఉంచదు. ఎక్కువ రోజులైతే వాటిని తీసి పెట్టమని పక్కింట్లో అడుగు. తాళం ఇచ్చేటప్పుడు నీళ్ల వాల్వ్ ఎక్కడుందో తీసుకెళ్లి చూపించు. మా ఇంట్లో అది మెట్ల కింద చీకట్లో ఉంటుంది. ఆ రోజు ఆయన టార్చ్ వేసుకుని వెతుక్కున్నారట, అందుకని ఇప్పుడు దానికి ఎర్ర రిబ్బన్ కట్టాను.