లేసు కొనడానికి షూ సైజు చెప్పకండి

ప్రశ్న: నా స్పోర్ట్స్ షూ లేసు ఒకటి తెగిపోయింది. షూ సైజు 9 అని చెప్పి కొత్త జత తెచ్చుకుంటే ముడి వేశాక కూడా చివర్లు నేలకు తగులుతున్నాయి, ఎక్కడ తట్టుకుని పడతానో అని టెన్షన్. సరైన పొడవు ఎలా తెలుసుకోవాలి?

జవాబు: షూ సైజుతో లేసు పొడవు తేలదండీ. చూడాల్సింది బెజ్జాలు. ఎదురెదురుగా ఉన్న రెండు బెజ్జాలు ఒక జత, అలా ఎన్ని జతలున్నాయో లెక్కపెట్టండి. తెగని రెండో లేసు ఉంది కదా, దాన్ని పూర్తిగా ఊడదీసి, చాపి, ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిస్తే పనైపోతుంది, ప్యాకెట్ మీద ఉండేదీ ఆ కొలతే.

పాత లేసు లేకపోతే స్పోర్ట్స్ షూలకు 5 జతలుంటే 90–100 సెంటీమీటర్లు, 6 ఉంటే 110–120, 7 ఉంటే 120–135 దాకా పడుతుంది. ఇది ఉజ్జాయింపే, ఎందుకంటే రెండు వరసల మధ్య దూరం ఒక్కో పాదానికి ఒక్కోలా ఉంటుంది, పాదం మందంగా ఉన్నవాళ్లకు షూ ఇంకా విచ్చుకుంటుంది. 6 జతలు, వరసల మధ్య 5 సెంటీమీటర్లు, పై బెజ్జానికీ కింది బెజ్జానికీ మధ్య 2 అనుకుంటే, అడుగున అడ్డంగా 5, ఏటవాలుగా వెళ్లే పది ముక్కలకు దాదాపు 54, ముడికి ఒక్కో వైపు 25 చొప్పున 50, మొత్తం 109. అదే వరసల మధ్య దూరం 6 అయితే 119 అవుతుంది! ఒక్క సెంటీమీటరు తేడాకే పది పెరిగింది చూశారా, అందుకే షూ తొడుక్కుని బిగించాకే కొలవాలి, ఖాళీ షూ కొలిస్తే లెక్క తప్పుతుంది.

లెక్కలెందుకు అనుకుంటే ఒక దారం బెజ్జాల్లోంచి లేసులాగే ఎక్కించి, ముడి వేసి, చాలు అనిపించిన చోట కత్తిరించి కొలవండి. నాకైతే ఇదే నమ్మకమైన పద్ధతి. డబుల్ ముడి అలవాటుంటే దాన్నే వేసి చూడండి.

కొన్న లేసుల్ని పారేయకండి. పైన చీలమండ దగ్గర వాడకుండా వదిలేసిన బెజ్జం ఉంటే అందులోంచి కూడా ఎక్కించండి, కొంత పొడవు అక్కడే సర్దుకుంటుంది. ఇంకా మిగిలితే ఒక చివరే కత్తిరించి, రెండు వైపులా సమానంగా జరుపుకోండి. కోసిన చివర విడిపోకుండా సన్నటి టేపు గట్టిగా చుట్టండి. పాలిస్టర్ లేసైతే చివర్ని కాస్త వేడికి చూపినా కరిగి అతుక్కుంటుంది, నూలు లేసును మాత్రం మంటకు చూపొద్దు, కాలిపోతుంది.