చీమల ఇంట్లో వేడి ఎక్కడిది?

ప్రశ్న: ‘చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు’ అంటాం. మనిషెత్తు మట్టిపుట్టలు నిజంగా చీమలు కట్టినవేనా?

జవాబు: కావు. అవి చెదపురుగుల పని. లాలాజలంతో మట్టిని కలిపి గట్టిపడేలా మెత్తుతాయి. చెదలకు దగ్గరి చుట్టం బొద్దింక, చీమకు కందిరీగ. చాలా జాతుల చీమల గూడు నేల లోపలే ఉంటుంది. పైన కనిపించేది తవ్విపోసిన మట్టి మాత్రమే.

ప్రశ్న: చీమ ఒంటికి సొంత వేడి ఉండదంటారు. మరి చలి దేశాల్లో గూడు ఎలా వెచ్చగా ఉంటుంది?

జవాబు: ఒంటరి చీమ ఒళ్లు దాదాపు చుట్టూ ఉన్న గాలంత వేడిగానే ఉంటుంది. వేడి సంగతి గూడు చూసుకోవాలి. యూరప్ అడవుల్లోని ఫార్మికా రూఫా అనే ఎర్రచీమను చూడండి. పైన్ చెట్ల సూదాకులు, పుల్లలు, ఎండిన బంక ముక్కలు పోగేసి, ఒక్కోసారి మీటరు దాటే ఎత్తున గుట్ట కడుతుంది. గుట్ట కింద నేలలోనూ గదులుంటాయి, చలికాలం అక్కడే గడుపుతుంది.

సూర్యుడు కిందుగా ఉండే ఆ ప్రాంతాల్లో చదును నేల కంటే వాలుగా ఉన్న గుట్ట మీద ఎండ నేరుగా పడుతుంది. చలి తగ్గిన తొలిరోజుల్లో పనిచీమలు గుంపుగా పైకొచ్చి ఎండ కాగుతాయి. ఒళ్లు వేడెక్కగానే లోపలికి దిగుతాయి. ఎండను ఒంట్లో నింపుకుని మోసుకెళ్లడమే ఇది! దానికి తోడు వేలాది చీమల ఒంటినుంచి పుట్టే వేడి, ఆకులు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు పుట్టించే వేడి కలుస్తాయి. పొడిగా ఉన్న గుట్ట వేడిని బాగా పట్టి ఉంచుతుంది. తడి గుట్టలో వేడి త్వరగా జారిపోతుంది, కానీ అక్కడ కుళ్లు వల్ల పుట్టే వేడి ఎక్కువ. వేసవిలో గుట్ట నడుమ 25–30 డిగ్రీలు ఉండటం మామూలే. ఎండ మితిమీరితే దారులు పెద్దవి చేస్తాయి, రాత్రికి మూసేస్తాయి.

ఇంత తడి, వేడి ఒకచోట చేరితే బూజు పట్టాలి కదా? అందుకే లోపలి సరుకును పైకి, పైదాన్ని లోపలికి తిరగేస్తూనే ఉంటాయి. చెట్టు బంక కూడా బాక్టీరియాను, బూజును అణుస్తుంది. చుట్టూ చెట్లు పెరిగి నీడ కమ్మితే గుట్ట చల్లబడుతుంది. అప్పుడు గుంపు చాలాసార్లు ఎండ తగిలే చోటికి మకాం మారుస్తుంది.

ప్రశ్న: చీమలు నోట కరచుకుని తిరిగే తెల్లటివి గుడ్లేనా?

జవాబు: మీ కంటికి స్పష్టంగా కనిపించాయంటే బహుశా గుడ్లు కావు, లార్వాలో (గుడ్డు నుంచి వచ్చిన పురుగుపిల్లలు) ప్యూపాలో (చీమగా మారే దశలో కదలకుండా ఉన్నవి) అయి ఉంటాయి. గుడ్లు సాధారణంగా మిల్లీమీటరు లోపే, కుప్పగా అంటుకుని ఉంటాయి. గుడ్లకు, లార్వాలకు చెమ్మ కావాలి, ప్యూపాలకు పొడిచోటు నప్పుతుంది. గూడంతా ఒకే వేడి ఉండదు. అలా ఉండకపోవడమే దాని గొప్ప. పొద్దున ఎండ తగిలే పక్కకు, మధ్యాహ్నం మంటెక్కితే లోతుకు పిల్లలను మోసుకుపోతారు పనివాళ్లు.

ప్రశ్న: రాణిచీమను గాజుగొట్టంలో పెంచితే రెండుసార్లూ చచ్చిపోయింది. తప్పెక్కడ?

జవాబు: సుమారు 15 సెంటీమీటర్ల టెస్ట్ ట్యూబ్ తీసుకుని మూడోవంతు నీళ్లు పోయండి. దూదిని నీటికి ఆనేదాకా గట్టిగా నెట్టండి. వదులైతే నీరు కారి రాణి మునిగిపోతుంది. మిగిలిన ఖాళీలో రాణిని వదిలి, మూతికి గాలి ఆడేలా పొడిదూది పెట్టి చీకట్లో ఉంచండి.

వేడి ఇస్తే మూతి వైపే ఇవ్వండి, 24–28 డిగ్రీలు చాలు. ఎక్కువమంది పొరపాటు నీటివైపు వేడి పెట్టడం. అక్కడి గాలిబుడగ ఉబ్బి నీటిని దూది దాటించేస్తుంది. రెండో పొరపాటు రోజూ తీసి చూడటం. బెదిరిన రాణి తన గుడ్లనే తినేస్తుంది. వారానికోసారి చూస్తే చాలు.

చాలా జాతుల రాణులు తొలి పనిచీమలు వచ్చేదాకా ఏమీ తినవు. ఎగిరే కండరాలు, ఒంట్లో కొవ్వు కరిగించుకునే బతుకుతాయి. కొన్ని జాతుల రాణులు మాత్రం వేటకు బయటికి వస్తాయి, వాటికి మొదటినుంచీ తిండి కావాలి. కాబట్టి ముందు జాతి తెలుసుకోండి. పనిచీమలు వచ్చాక పంచదార నీటి చుక్క, చచ్చిన చిన్న పురుగు ముక్క ఇచ్చి, మిగిలింది మర్నాడే తీసేయండి. నీరు అయిపోతే కొత్త గొట్టాన్ని మూతికి మూతి కలిపి, పాతదాన్ని వెలుగులో, కొత్తదాన్ని చీకట్లో ఉంచండి. కొన్ని రోజులు పట్టినా వాటంతట అవే మారతాయి. తట్టి దులిపి మార్చవద్దు.