విదేశీ మైకులకు ఇక్కడి లైసెన్సు

ప్రశ్న: మాది టి.నగర్‌లో చిన్న తెలుగు సాంస్కృతిక సంఘం. డిసెంబరు సీజన్‌లో మా అక్క కూతురి కూచిపూడి బృందం న్యూజెర్సీ నుంచి వస్తోంది. ఎనిమిది మందికీ చెవికి తగిలించుకునే వైర్‌లెస్ మైకులు వాళ్లే తెచ్చుకుంటామంటున్నారు. అక్కడ లైసెన్సు లేకుండానే వాడుతున్నాం, ఇక్కడేం గొడవ అంటోంది పిల్ల. సభ మేనేజరేమో ఫ్రీక్వెన్సీకి అనుమతి కాగితం కావాలంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మేనేజరు మాటే వినండమ్మా. చెన్నై సభల్లో సౌండ్ చూసేవాడిగా చెబుతున్నాను, ఆయన అడిగింది న్యాయమే. అమెరికాలో ఉన్న వెసులుబాటు అమెరికా వరకే. విమానం మీనంబాక్కంలో దిగాక మన నిబంధనలే. వైర్‌లెస్ పరికరాన్ని లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడం కూడా కుదరదని 1933 నాటి చట్టమే చెప్పింది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలోనూ ఆ పట్టు సడలలేదు. అనుమతి ఇచ్చేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. చెన్నైలోనూ దాని ప్రాంతీయ లైసెన్సింగ్ కార్యాలయం ఉంది.

ఈ రాత్రికే అమ్మాయికి ఫోన్ చేసి, మైకు మాటను రేడియో తరంగంగా పంపే, నడుముకు పెట్టుకునే ప్యాక్ ఒకటి చేతిలోకి తీసుకోమనండి. ప్యాక్ వెనకో, బ్యాటరీ మూత లోపలో చిన్న అక్షరాల్లో బ్యాండ్ (అది పనిచేసే ఫ్రీక్వెన్సీ పరిధి) పేరు, అంకెలు ఉంటాయి. దాన్ని ఫొటో తీసి పంపమనండి. కథంతా అక్కడే ఉంది. షూర్ కంపెనీ ప్యాక్ మీద జీ50 అని ఉంటే 470 నుంచి 534 మెగాహెర్ట్జ్. సెన్‌హైజర్ కంపెనీదాని మీద బీ అని ఉంటే 626 నుంచి 668. ఆ బీ పరిధిలో చాలా భాగాన్ని 2020 జులై 13 తర్వాత అమెరికాలోనే వాడకూడదు. అక్కడ 600 బ్యాండ్‌ను ఫోన్ కంపెనీలకు వేలం వేసేశారు. పాత మైకులు చవగ్గా దొరికాయని కొనుక్కున్నారేమో ఒకసారి కనుక్కోండి.

902 నుంచి 928 అని ఉంటే మాత్రం ఇక్కడ అసలు ఆన్ చేయనివ్వొద్దు. అక్కడ అది ఎవరైనా వాడుకునే బ్యాండ్. మనకు 890 నుంచి 915 వరకు ఫోన్లు టవరుకు మాట పంపే దారి. మీ మైకు వల్ల చుట్టుపక్కల టవరుకు ఇబ్బంది, హాల్లో ఫోన్ల వల్ల మీ మైకులో గరగర. ఫిర్యాదు వెళ్తే పరికరం ఎక్కడుందో పట్టుకునే మానిటరింగ్ సిబ్బంది టెలికాం శాఖకు ఉన్నారు. 703కి పైన ఉన్నవాటిదీ ఇదే గతి. 700 బ్యాండ్‌లో కొంత భాగాన్ని 2022 వేలంలో జియో తీసుకుంది.

2.4 గిగాహెర్ట్జ్ మైకులకు ఫ్రీక్వెన్సీ లైసెన్సు అక్కర్లేదు, ఆ మోడల్‌కు ఈటీఏ, అంటే డబ్ల్యూపీసీ ఇచ్చే పరికర ఆమోదం, ఉంటే చాలు. కానీ ఎనిమిది మందికి నేను ఆ సలహా ఇవ్వను. ఖాళీ హాల్లో రిహార్సల్‌కు గంటలా మోగుతుంది. జనం వైఫై, బ్లూటూత్ ఆన్‌లో ఉన్న ఫోన్లతో వచ్చి కూర్చున్నాక మాట తెగుతుంది. కూచిపూడిలో అది భరించలేం. చాలా నాట్యాల్లో పాట పక్కన కూర్చున్నవాళ్లు పాడితే సరిపోతుంది. ఇక్కడ పాత్రే నోరు విప్పి మాట్లాడాలి. సత్యభామ తెర మీంచి జడ వేసి, బయటికొచ్చి మాట్లాడే చోట సగం మాట వినపడకపోతే ఆ పిల్ల ఏళ్ల సాధన ఏమైనట్టు?

నేనైతే ప్యాకులు, రిసీవర్లు ఇక్కడే అద్దెకు తీసుకుంటాను. అద్దెకిచ్చేవాళ్లను లైసెన్సు చూపించమని అడగండి. మొహమాటపడకండి, అది మీ హక్కు. నాట్యబృందం వాళ్లు తమ చెవికి అలవాటైన హెడ్‌సెట్ తెచ్చుకోవచ్చు. అందులో రేడియో లేదు కాబట్టి దానికి ఏ లైసెన్సూ వద్దు. పిన్ను ఒకటి చూసుకోవాలి. సెన్‌హైజర్‌కు 3.5 మిల్లీమీటర్ల మరపిన్ను, షూర్‌కు నాలుగు పిన్నుల చిన్న ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గు. ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు.

ఎనిమిది నిజంగా కావాలా అనీ అడగండి. మాటలున్న పాత్రలు ఎన్ని? మైకులు పెరిగేకొద్దీ ఒకదాని తరంగం ఇంకోదానితో కలిసి లేని ఫ్రీక్వెన్సీలు పుట్టుకొస్తాయి. 500.0, 500.4 మీద రెండు ప్యాకులు పనిచేస్తుంటే 499.6, 500.8 దగ్గర కూడా చప్పుడు లేస్తుంది. మూడోదాన్ని 500.8 మీద పెట్టారో, పాడైనట్టే. నట్టువాంగానికి, పాటకు వైరు మైకులు చాలు.

సొంతవే తెస్తామని పట్టుబడితే, ప్రదర్శన తేదీ ఖరారైన రోజే పని మొదలుపెట్టండి. మోడల్, సీరియల్ నంబరు, ఫ్రీక్వెన్సీ పరిధి, పవర్, హాలు చిరునామా, ఏ రోజుల్లో వాడతారు, ఇవన్నీ ముందే రాయించుకుని దరఖాస్తు చేయాలి. అక్కడి నుంచి ఏటీఏ కార్నే తెస్తామంటారు, తెచ్చుకోనివ్వండి. తాత్కాలికంగా తెచ్చే సామానుకు కస్టమ్స్ సుంకం లేకుండా చేసే కాగితం అది. మన దేశంలో దాని వ్యవహారం చూసేది ఫిక్కీ. గాలిలో ఫ్రీక్వెన్సీ వాడుకునే హక్కు మాత్రం దానితో రాదు. కస్టమ్స్ వాళ్లు డబ్ల్యూపీసీ కాగితం వేరే అడగొచ్చు.

మైకులు ఎక్కడివైనా, రిహార్సల్‌లో ప్యాకులన్నీ ఒకేసారి ఆన్ చేయించి చూడండి. ఆహార్యం వేసుకుని, వడ్డాణం బిగించాకే పరీక్షించండి. ఆ లోహం యాంటెన్నా మీద పడితే సిగ్నల్ బాగా తగ్గిపోతుంది.